కాఫీ పుల్లగా వస్తోందా? చేదెక్కుతోందా? ఎస్ప్రెసో మెషీన్‌లో నీళ్ల వేడి ఇలా సరిచేసుకోండి

గల్ఫ్‌లో ఉద్యోగం చేసే అబ్బాయి సెలవులకు ఇంటికొస్తూ ఎస్ప్రెసో మెషీన్ తెచ్చాడనుకుందాం. వేలకు వేలు పోసి కొన్నది. మంచి గింజల ప్యాకెట్ కూడా వెంట తెచ్చాడు. ఇంట్లో అందరూ చుట్టూ చేరారు. మెషీన్ గుర్రుమంది, చిన్న కప్పులో బంగారు రంగు నురగతో కాఫీ దిగింది. అమ్మీ ఒక్క గుటక వేసి మొహం చిట్లించింది. "బేటా, ఇది కాఫీయా, చింతపండు చారా?" అంది. అబ్బా అయితే కప్పు పక్కన పెట్టేసి, "నాకు చాయే పెట్టండి" అన్నారు. నాలుగు రోజులు తిప్పలు పడి, ఐదో రోజు మెషీన్‌ని బట్ట కప్పి అటక మీద పెట్టేశారు.

చాలా ఇళ్లలో జరిగేది ఇదే. తప్పు మెషీన్‌దో గింజలదో అనుకుంటారు. చాలాసార్లు రెండిటిదీ కాదు. కాఫీ పొడి మీద పడే నీళ్ల వేడి ఆ గింజలకు సరిపోయేలా లేకపోవడమే అసలు కారణం. రెండు మూడు డిగ్రీల తేడాతో అదే పొడి, అదే మెషీన్ వేరే రుచి ఇస్తాయి. ఆ వేడిని ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు తగ్గించాలి, ఎప్పుడు అసలు ముట్టుకోకూడదు అన్నది తెలిస్తే కొన్న మెషీన్ అటకెక్కదు, గింజలూ వృథా కావు.

నీళ్ల వేడి ఏం చేస్తుంది?

ఎస్ప్రెసో అంటే మెత్తగా పట్టిన కాఫీ పొడిలోంచి వేడి నీళ్లను గట్టి ఒత్తిడితో తోయడం. ఆ ఒత్తిడి సుమారు 9 బార్లు, అంటే మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి తొమ్మిది రెట్లు. 25 నుంచి 30 సెకన్లలో పని అయిపోతుంది. అంత తక్కువ సమయంలో పొడిలోని సారం నీళ్లలోకి రావాలి. ఎంత వస్తుందన్నది నీళ్ల వేడి మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది.

పొడిలోంచి అన్నీ ఒకేసారి కరిగి రావు. పులుపునిచ్చే ఆమ్లాలు తేలిగ్గా, ముందుగా వచ్చేస్తాయి. ఆ తర్వాత తియ్యదనం, నిండుదనం వస్తాయి. చేదు, వగరు ఇచ్చేవి నెమ్మదిగా, చివర్లో వస్తాయి. నీళ్లు తగినంత వేడిగా లేకపోతే పని సగంలోనే ఆగిపోతుంది. పులుపు వచ్చింది గానీ దాన్ని సర్దే తియ్యదనం రాలేదు. అందుకే కాఫీ నిమ్మకాయ పిండినట్టు ఉంటుంది. నీళ్లు మరీ వేడిగా ఉంటే రావలసిన దానికంటే ఎక్కువ వచ్చేస్తుంది. అప్పుడు నోట్లో చేదు మిగులుతుంది.

మన వంటింట్లో దీనికి పోలిక వెతకాలంటే దమ్ బిర్యానీ చాలు. మంట తక్కువైతే మాంసం ఉడకదు, ఎక్కువైతే అడుగంటుతుంది. దినుసులన్నీ అవే, మసాలా అదే. తేడా అంతా మంటలోనే.

ఈ పాఠం ఇటలీ వాళ్లు కూడా ఒక్కరోజులో నేర్చుకోలేదు

1901లో మిలాన్ నగరానికి చెందిన లుయిగీ బెజ్జెరా ఎస్ప్రెసో యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. 1905 నుంచి పావోనీ కంపెనీ వాటిని తయారుచేసి అమ్మింది. ఆ యంత్రాల్లో నీళ్లను తోసేది ఆవిరి ఒత్తిడే. ఒత్తిడి కావాలంటే నీళ్లు మరిగే స్థాయిని దాటి వేడెక్కాలి. దాంతో పొడి మాడినట్టయి కాఫీలో చేదు ఎక్కువగా ఉండేది.

తర్వాత అకీల్లే గాజియా అనే మరో మిలాన్ వాసి ఆవిరి ఒత్తిడి లేకుండా కాఫీ తీసే పద్ధతికి 1938లో పేటెంట్ తీసుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక స్ప్రింగు ఉన్న పొడవాటి మీటతో నీళ్లను తోసే యంత్రం తెచ్చాడు. ఒత్తిడి స్ప్రింగు నుంచి వస్తోంది కాబట్టి నీళ్లను అంతగా మరిగించాల్సిన పని లేకుండా పోయింది. ఇప్పుడు ఎస్ప్రెసో మీద కనిపించే నురగ, అదే క్రెమా, అప్పటినుంచే మొదలైంది. 1961లో ఫాయెమా కంపెనీ ఈ61 అనే యంత్రం తెచ్చింది. అందులో ఒత్తిడికి పంపు పెట్టారు. కాఫీ దిగే చోట ఉన్న బరువైన ఇత్తడి భాగంలోంచి వేడి నీళ్లు ఎప్పుడూ తిరుగుతూ దాన్ని ఒకే వేడిలో ఉంచేవి. అంటే ఎస్ప్రెసో చరిత్రలో సగం కథ నీళ్ల వేడిని అదుపులో పెట్టడమే. ఈరోజు ఇంటి మెషీన్ మీద కనిపించే 'టెంపరేచర్' బటన్ ఆ కథకు కొనసాగింపు.

ముందు నాలుకను నమ్మండి: పులుపా, చేదా, వగరా?

వేడి సరిచేయాలంటే ముందు జబ్బేంటో తెలియాలి. ఈ విషయంలో తెలుగువాళ్లకు ఒక సౌకర్యం ఉంది. పులుపు, చేదు, వగరు అని మూడు వేర్వేరు మాటలు మనకు చిన్నప్పటినుంచీ తెలుసు.

పులుపు అంటే పచ్చి మామిడికాయ కొరికినట్టు, నిమ్మచెక్క నాకినట్టు నోరు జివ్వుమనడం. ఇది సాధారణంగా సారం తక్కువ వచ్చిందనడానికి గుర్తు.

చేదు అంటే కాకరకాయ, వేపాకు లాంటిది. మాడిన రొట్టె ముక్క నమిలినట్టు, మింగాక కూడా గొంతులో మిగిలిపోతుంది. ఇది సారం మితిమీరి వచ్చిందనడానికి గుర్తు.

వగరు అంటే పచ్చి అరటికాయ, ఉసిరికాయ తిన్నప్పుడు నాలుక పొడిబారినట్టు పట్టేయడం. ఇది కూడా ఎక్కువగా సారం మితిమీరినప్పుడు, లేదా నీళ్లు పొడిలో ఒకే దారిన పారిపోయినప్పుడు వస్తుంది.

ఒకటి గుర్తుంచుకోవాలి. ఎస్ప్రెసోలో కొంచెం పులుపు, కొంచెం చేదు ఉండాల్సిందే. రెండూ లేకపోతే అది కాఫీ కాదు. ఏదో ఒకటి మిగతావాటిని తొక్కేస్తున్నప్పుడే సమస్య. రుచి చూసేటప్పుడు పాలు, చక్కెర కలపకుండా ఒక్క గుటక చూడాలి. కప్పులో అడుగున చిక్కగా, పైన పలచగా ఉంటుంది కాబట్టి ముందు చెంచాతో కలపాలి. దిగిన వెంటనే కాకుండా ఒక నిమిషం ఆగితే నాలుకకు రుచి బాగా తెలుస్తుంది.

వేడి బటన్ ముట్టుకునే ముందు చూడాల్సిన మూడు

ఇక్కడే చాలామంది తొందరపడతారు. కాఫీ పుల్లగా ఉంది కదా అని వెంటనే వేడి పెంచేస్తారు. కానీ పులుపుకు కారణం వేడి ఒక్కటే కాదు. కింది మూడూ సరిచూశాకే వేడి జోలికి వెళ్లాలి.

మొదటిది, మెషీన్ నిజంగా వేడెక్కిందా? లైటు వెలగగానే మెషీన్ సిద్ధం అనుకుంటారు. లోపల నీళ్లు వేడెక్కి ఉండొచ్చు గానీ, పొడి నింపే పిడి ఉన్న భాగం, అంటే పోర్టాఫిల్టర్, చల్లటి ఇనుప ముద్దలా ఉంటుంది. నీళ్లు దాన్ని తాకగానే వేడి కోల్పోతాయి. తెరమీద 93 అని కనిపించినా పొడికి అందేది అంతకంటే చాలా తక్కువ. బాయిలర్, బరువైన ఇత్తడి భాగాలు ఉన్న మెషీన్ అయితే 20 నుంచి 30 నిమిషాలు ఆన్‌లో ఉంచాలి, పోర్టాఫిల్టర్ దానికే తగిలించి ఉండాలి. నిమిషంలోపే వేడెక్కే చిన్న మెషీన్ అయితే పొడి వేయకుండా ఖాళీ పోర్టాఫిల్టర్‌తో ఒకటి రెండుసార్లు వేడి నీళ్లు వదలాలి. ఆ నీళ్లు కప్పులోనే పట్టుకుంటే కప్పూ వేడెక్కుతుంది. పొద్దున్న మొదటి కప్పు పుల్లగా, మూడో కప్పు బాగా వస్తోందంటే జబ్బు ఇదే. అలాంటప్పుడు సెట్టింగ్ మార్చాల్సిన పనేలేదు.

రెండోది, తూకం. పొడి కళ్లతో చూసి వేస్తే రోజుకో రుచి వస్తుంది. బంగారం తూచే చిన్న కాటా లాంటి వంటింటి తూకం మెషీన్ ఒకటి ఉంటే మంచిది. పెద్ద బుట్టకు 18 గ్రాముల పొడి, కప్పులోకి 36 గ్రాముల కాఫీ అన్నది మొదలుపెట్టడానికి మంచి లెక్క. అంటే ఒకటికి రెండు. మీ బుట్టలో 16 గ్రాములే పడితే 32 గ్రాములు దించాలి.

మూడోది, సమయం. బటన్ నొక్కినప్పటినుంచి ఆ 36 గ్రాములు దిగడానికి 25 నుంచి 30 సెకన్లు పట్టాలి. 15 సెకన్లలోనే జారిపోతే నీళ్లకు సారం తీసే సమయం దొరకలేదు, పులుపు తప్పదు. అప్పుడు పొడిని ఇంకా మెత్తగా పట్టాలి. 40 సెకన్లు దాటి చుక్క చుక్కగా పడుతుంటే చేదు వస్తుంది. అప్పుడు పొడిని కొంచెం బరకగా పట్టాలి. ఈ రెండు సందర్భాల్లోనూ మందు గ్రైండర్‌లో ఉంది, వేడిలో లేదు.

పులుపు, చేదు రెండూ ఒకేసారి వస్తుంటే? పొడిని ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ అదిమి ఉంటారు. నీళ్లు మెత్తగా ఉన్న దారి వెతుక్కుని అక్కడినుంచే పారతాయి. అక్కడ సారం మితిమీరుతుంది, మిగతా చోట సగమే వస్తుంది. దీన్ని ఏ డిగ్రీలూ సరిచేయలేవు. పొడిని సమంగా పరిచి, నిటారుగా అదమడమే దారి.

గింజలను బట్టి వేడి

మూడూ సరిగ్గా ఉన్నాయి. మెషీన్ వేడెక్కింది, తూకం కుదిరింది, సమయం 25-30 సెకన్ల మధ్యే ఉంది. అయినా రుచి ఒకవైపు ఒరిగిపోతోంది. ఇప్పుడు వేడి వంతు.

ఎస్ప్రెసోకు సాధారణంగా వాడే నీళ్ల వేడి 90 నుంచి 96 డిగ్రీల సెల్సియస్ మధ్య. ఇటాలియన్ ఎస్ప్రెసో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ప్రమాణం మాత్రం 88 డిగ్రీలు, రెండు అటూ ఇటూగా. రెండిటికీ తేడా ఎందుకంటే గింజలు వేయించే తీరు వేరు.

ముదురు గోధుమ, నలుపు రంగు వచ్చేదాకా వేయించిన గింజలు లోపల గుల్లబారి ఉంటాయి. సారం సులువుగా వదిలేస్తాయి. వీటికి తక్కువ వేడి చాలు, 88 నుంచి 91 డిగ్రీలు. పైన నూనె మెరుస్తున్న గింజలు ఈ కోవకే వస్తాయి. ఇలాంటి వాటికి 95 పెడితే చేదు, మసి వాసన తప్పవు.

మధ్యస్థంగా వేయించిన గింజలకు 92 నుంచి 94 డిగ్రీలు.

లేత గోధుమ రంగులో ఉండేలా తేలిగ్గా వేయించిన గింజలు గట్టిగా, దిట్టంగా ఉంటాయి. సారం అంత తేలిగ్గా ఇవ్వవు. వీటికి 94 నుంచి 96 డిగ్రీలు కావాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ రకం కొనకపోవడమే మంచిది. వీటితో పులుపును దారికి తేవడం చేయి తిరిగినవాళ్లకే కష్టం.

ఇవి మొదలుపెట్టడానికి గీసుకునే గీతలే. చివరి మాట నాలుకదే.

గింజల జాతి కూడా చూడాలి. మన దేశంలో పండే కాఫీలో ఎక్కువ భాగం రోబస్టా. అందులో కెఫీన్ అరబికా కంటే సుమారు రెండింతలు, చేదూ ఎక్కువే. ప్యాకెట్ మీద రోబస్టా కలిసిందని ఉంటే ఒకటి రెండు డిగ్రీలు తక్కువ నుంచి మొదలుపెట్టాలి. అల్లూరి జిల్లా అరకు లోయలో గిరిజన రైతులు పండించేది అరబికా. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే ఏడాది ఆ గుర్తింపు పొందిన వాటిలో కర్ణాటకలోని బాబా బుడన్ గిరి అరబికా కూడా ఉంది. పదిహేడో శతాబ్దంలో హజ్ నుంచి తిరిగొస్తూ యెమన్‌లోని మోఖా రేవు నుంచి ఏడు గింజలు తెచ్చి ఆ కొండల మీద నాటారని చెప్పే సూఫీ బుజుర్గ్ పేరే ఆ కొండలకు ఉంది. యెమన్‌లో కూడా కాఫీ మొదట రాత్రిళ్లు మేలుకుని జిక్ర్ చేసే సూఫీల పానీయమే. అలా చూస్తే ఇది మన ఇళ్లకు కొత్తగా వచ్చిన అలవాటేమీ కాదు.

ఒక జాగ్రత్త. ఫిల్టర్ కాఫీ కోసం అమ్మే చికోరీ కలిసిన పొడి ఎస్ప్రెసోకు పనికిరాదు. చికోరీ తడవగానే జిగటగా మారి నీళ్ల దారి మూసేస్తుంది. అలాగే గింజలు వేయించిన తేదీ చూడాలి. వారం నుంచి నెల, నెలన్నర లోపు ఉంటే మంచిది. ఆరేడు నెలల పాత గింజలకు ఏ వేడీ ప్రాణం పోయలేదు.

నాలుగు కప్పుల్లో తేల్చుకునే పద్ధతి

మొదట చెప్పుకున్న ఇంటికే మళ్లీ వెళ్దాం. మధ్యస్థంగా వేయించిన అరబికా గింజలు. మెషీన్ 90 డిగ్రీల మీద ఉంది. 18 గ్రాముల పొడికి 27 సెకన్లలో 36 గ్రాముల కాఫీ దిగింది. సమయం బాగుంది, అయినా పులుపు.

రెండో కప్పుకు 92 పెట్టారు. పొడి, తూకం, గ్రైండర్ ఏదీ మార్చలేదు. పులుపు తగ్గింది గానీ ఇంకా పలచగా, ఖాళీగా ఉంది.

మూడో కప్పుకు 94. ఇప్పుడు బెల్లం లాంటి తియ్యదనం కొంచెం తగిలింది. పులుపు వెనక్కి వెళ్లింది. అమ్మీ రెండో గుటక కూడా వేసింది.

నాలుగో కప్పుకు 96. చివర్లో నాలుక పొడిబారింది, వగరు మొదలైంది.

అంటే ఆ గింజలకు ఆ మెషీన్‌లో 94 సరైనది. నాలుగో కప్పు ఎందుకు చేశారంటే, గీత దాటితే ఎలా ఉంటుందో తెలిస్తేనే గీత ఎక్కడుందో తెలుస్తుంది.

ఇందులో అసలు సూత్రం ఒక్కటే. ఒకసారికి ఒక్కటే మార్చాలి. వేడితో పాటు పొడి సన్నదనం కూడా మారిస్తే ఏది పనిచేసిందో అల్లాకే తెలియాలి. మార్పు కూడా రెండేసి డిగ్రీల చొప్పున చేస్తే తేడా నాలుకకు అందుతుంది. దగ్గరికొచ్చాక ఒక్కో డిగ్రీ చూసుకోవచ్చు. సెట్టింగ్ మార్చాక వెంటనే కాఫీ తీయకూడదు. ఐదు పది నిమిషాలు ఆగి, కొంచెం వేడి నీళ్లు వదిలి, అప్పుడు తీయాలి. ముఖ్యంగా వేడి తగ్గించినప్పుడు ఇనుము చల్లబడటానికి ఎక్కువ సమయం పడుతుంది.

ఇక ఖర్చు లెక్క. 250 గ్రాముల ప్యాకెట్‌లో 18 గ్రాముల చొప్పున 13 కప్పులే వస్తాయి. నాలుగు కప్పుల పరీక్షకు 72 గ్రాములు, అంటే ప్యాకెట్‌లో పావు వంతు కంటే ఎక్కువే పోతుంది. రోజూ అడ్డదిడ్డంగా ప్రయోగాలు చేస్తే ప్యాకెట్లకు ప్యాకెట్లు ఇస్రాఫ్ అవుతాయి. అందుకే పరీక్షను నలుగురూ ఉన్న రోజున పెట్టుకోవాలి. ఒక్కో కప్పును తలా ఒక గుటక చూసి, మిగిలింది పాలు, చక్కెర కలిపి తాగేయొచ్చు. పుల్లటి కాఫీ కూడా పాలల్లో చాలావరకు సర్దుకుంటుంది, పారబోయాల్సిన పనిలేదు. గింజల పేరు, వేడి, సెకన్లు, రుచి ఒక చిన్న నోటుబుక్కులో రాసి మెషీన్ పక్కన పెడితే అదే ప్యాకెట్ మళ్లీ కొన్నప్పుడు మొదటి కప్పే బాగా వస్తుంది.

మీ మెషీన్ ఏ రకం?

డిగ్రీలు చూపించే మెషీన్: ఇందులో పీఐడీ అనే చిన్న ఎలక్ట్రానిక్ అదుపు ఉంటుంది. వేడిని ఎప్పటికప్పుడు కొలుస్తూ హీటర్‌ను కొద్దికొద్దిగా ఆన్, ఆఫ్ చేస్తూ ఒకే దగ్గర నిలబెడుతుంది. పని సులువు. కావలసిన అంకె పెట్టుకుంటే చాలు.

తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడు మెట్లున్న మెషీన్: చిన్న మెషీన్లలో చాలావాటికి ఇదే ఉంటుంది. బటన్లు కాసేపు నొక్కి పట్టుకుంటే ఈ సెట్టింగ్ తెరుచుకుంటుంది. ఏ బటన్, ఎన్ని సెకన్లు అన్నది మాన్యువల్‌లో ఉంటుంది. మాన్యువల్ పారేసి ఉంటే కంపెనీ వెబ్‌సైట్‌లో మోడల్ నంబర్‌తో దొరుకుతుంది. ముదురు గింజలకు తక్కువ, లేత గింజలకు ఎక్కువ అన్న లెక్కే ఇక్కడా.

ఏ సెట్టింగూ లేని మెషీన్: పాత తరహా బాయిలర్ మెషీన్లలో థర్మోస్టాట్ ఒక్కటే ఉంటుంది. నీళ్లు చల్లబడితే హీటర్ వెలుగుతుంది, వేడెక్కితే ఆరిపోతుంది. ఈ మధ్యలో వేడి చాలా డిగ్రీలు పైకీ కిందకీ ఊగుతుంది. కాబట్టి ప్రతిసారీ ఒకే చోట పట్టుకోవాలి. కొంచెం నీళ్లు వదిలి హీటర్ వెలిగేలా చేసి, మళ్లీ సిద్ధమన్న లైటు వచ్చాక లెక్క మొదలుపెట్టాలి. రోజూ లైటు వచ్చిన 20 సెకన్లకే కాఫీ తీస్తే రోజూ దాదాపు ఒకే వేడి దొరుకుతుంది. పులుపు వస్తే లైటు రాగానే తీయాలి. చేదు వస్తే మరికాసేపు ఆగి, లేదా కాసిని నీళ్లు వదిలి తీయాలి.

ఆవిరి గొట్టం, కాఫీ రెండూ ఒకే బాయిలర్ మీద నడిచే మెషీన్: ఆవిరి కోసం బాయిలర్ 120 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. పాలు నురగ పట్టించిన వెంటనే కాఫీ తీస్తే మాడిన చేదు ఖాయం. అతిథులు నలుగురొస్తే ముందు అందరి ఎస్ప్రెసోలూ తీసి, ఆ తర్వాతే పాలు పట్టాలి. మళ్లీ కాఫీ తీయాలంటే ఆవిరి ఆపి, బుసబుసలు తగ్గి నీళ్లు మామూలుగా వచ్చేదాకా వదలాలి. ఆ మొదటి నీళ్లు ఆవిరితో చిమ్ముతాయి, పిల్లల్ని దూరంగా ఉంచాలి.

ఒక్క మాట. థర్మోస్టాట్ మార్చుకోండి, లోపల పీఐడీ బిగించుకోండి అని చూపించే వీడియోలు కనిపిస్తుంటాయి. కరెంటు, నీళ్లు, ఒత్తిడి మూడూ ఒకేచోట ఉండే యంత్రం అది. పైగా విప్పితే వారంటీ పోతుంది. తెలిసినవాళ్లకు తప్ప ఆ పని వద్దు.

'కాఫీ వేడిగా లేదు' అన్నది వేరే సమస్య

పెద్దవాళ్లు ఉన్న ఇళ్లలో వినిపించే మాట ఇది. పొగలు కక్కే చాయ్ అలవాటైన నోటికి ఎస్ప్రెసో చల్లగా అనిపిస్తుంది. దాంతో మెషీన్ వేడి చివరిదాకా పెంచేస్తారు. కాఫీ చేదెక్కుతుంది, వేడి మాత్రం పెద్దగా పెరగదు.

కారణం తేలిక. పొడి మీద పడే నీళ్ల వేడి వేరు, కప్పులో కాఫీ వేడి వేరు. 88 డిగ్రీల నీళ్లతో తీసినా కప్పులోకి వచ్చేసరికి 67 డిగ్రీల దగ్గర ఉండాలని ఆ ఇటాలియన్ ప్రమాణమే చెబుతుంది. కొద్దిపాటి కాఫీ, చల్లటి పింగాణీ కప్పులో పడితే ఇంకా పడిపోతుంది. దీనికి మందు కప్పును వేడి నీళ్లతో కడిగి వేడి చేయడం. పాల కాఫీ అయితే పాలను 60 నుంచి 65 డిగ్రీల దాకా వేడి చేస్తే తియ్యగా ఉంటాయి. 70 దాటితే ఆ తియ్యదనం తగ్గి కాచిన పాల వాసన వస్తుంది. అబ్బాకు ఇంకా వేడిగా కావాలంటే ఆయన కప్పులో పాలు ఇంకొంచెం వేడి చేయండి గానీ మెషీన్ సెట్టింగ్ మార్చకండి.

నీళ్లు, కరెంటు కూడా చూసుకోవాలి

బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. గిన్నెల అడుగున పట్టే తెల్లటి పొరే మెషీన్ లోపలా పడుతుంది. అది హీటర్‌కూ నీళ్లకూ మధ్య దుప్పటిలా అడ్డుపడుతుంది. తెర మీద అంకె అదే ఉంటుంది, నీళ్లకు అందే వేడి మాత్రం నమ్మకంగా ఉండదు. మొన్నటిదాకా బాగున్న సెట్టింగ్‌లో ఉన్నట్టుండి పులుపు మొదలైతే దీన్నీ అనుమానించాలి. తక్కువ సున్నం ఉన్న నీళ్లు వాడి, మాన్యువల్‌లో చెప్పినన్ని రోజులకు కంపెనీ చెప్పిన పొడితోనే శుభ్రం చేయాలి. అలాగని ఖనిజాలేవీ లేని బ్యాటరీ నీళ్ల లాంటివి వాడితే కాఫీ చప్పగా ఉంటుంది.

కరెంటు విషయానికొస్తే, ఈ మెషీన్లు 1000 నుంచి 1500 వాట్ల దాకా లాగుతాయి. లైట్లకు వాడే చిన్న సాకెట్ కాకుండా గీజర్, ఏసీకి వాడే 16 ఆంపియర్ల సాకెట్ వాడటం మంచిది. వోల్టేజీ 230 నుంచి 200కు పడిపోతే హీటర్ శక్తి దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది, వరసగా కప్పులు తీస్తే వేడి నిలవదు. లో వోల్టేజీ ఉండే ఊళ్లలో కప్పుకూ కప్పుకూ మధ్య రెండు నిమిషాలు ఆగడం మేలు. అమెరికా నుంచి తెచ్చిన మెషీన్ అయితే అది 120 వోల్టులది. ఇక్కడ నేరుగా ప్లగ్గులో పెడితే కాలిపోతుంది.

చివరిగా గుర్తుంచుకోవాల్సింది

పుల్లగా ఉంటే వేడి పెంచాలి, చేదుగా ఉంటే తగ్గించాలి. కానీ మెషీన్ పూర్తిగా వేడెక్కాక, తూకం, సమయం సరిచూసుకున్నాకే. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చింది రాసుకోవాలి. కొత్త ప్యాకెట్ విప్పిన ప్రతిసారీ ఒకటి రెండు కప్పుల్లో మళ్లీ చూసుకోవాలి.

ఇంతా చేశాక కూడా ఇంట్లో ఒకరికి 94 నచ్చొచ్చు, ఇంకొకరికి 91 నచ్చొచ్చు. రెండూ తప్పు కాదు. అటక మీదున్న మెషీన్‌ని దించి, దుమ్ము తుడిచి, ఈసారి అరగంట ముందే స్విచ్ వేయండి. మొదటి గుటక అమ్మీకే ఇవ్వండి. ఆవిడ రెండో గుటక వేస్తే అంకె దొరికినట్టే.